అవ్వ చెప్పిన రెండు బ్యాటరీలు

మా గల్లీలో నా కారును తొయ్యని మనిషి లేడు. పాలు పోసే ఆయన తోశాడు. ఎదురింటి కిరాణా షాపాయన తోశాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చినాయన సిలిండర్ కింద పెట్టి మరీ తోశాడు. ఒకసారి పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చిన దంపతులు, పత్రిక నా చేతికి ఇవ్వక ముందే చెరో వైపు చేతులు వేశారు. ఆవిడ పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది, ఆయన గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఆ పెళ్లికి వెళ్తే నన్ను వాళ్ల చుట్టాలకు పరిచయం చేస్తూ, "ఈమెనే, మేం తోసిన కారు మేడం" అన్నారు. జహీరాబాద్‌లో నాకు దక్కిన మొట్టమొదటి బిరుదు అది.

నేను ఝరాసంగం దాటాక వచ్చే ఒక పల్లెలో బడి పంతులమ్మను. కారు కొనేదాకా నా ఉద్యోగమంతా షేర్ ఆటోల్లోనే సాగింది. షేర్ ఆటోలో నాకు దొరికే చోటు ఎప్పుడూ డ్రైవర్ పక్కనే, సీటు చివర. ఒక కాలు లోపల, ఒక కాలు గాలిలో. ఒడిలో నా సంచి, నా సంచి మీద పక్కావిడ సంచి, దాని మీద ఎవరిదో చంటిపిల్ల. ఒక రోజు ఎవరి చంకలోనో ఉన్న కోడి నా చేతిలోని జవాబు పత్రాల కట్టను దారి పొడవునా పొడుస్తూ వచ్చింది. ఆ పరీక్షలో మార్కులు నేను వేశానో కోడి వేసిందో ఇప్పటికీ చెప్పలేను.

అందుకే నలభై దాటాక పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను. నా జీతంతో, నా మొండితనంతో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. అమ్మినాయన అల్లం వ్యాపారి. ఏసీ వేస్తే ఇప్పటికీ అల్లం వాసన వస్తుంది. ఆయనకు పాటల పిచ్చి కూడా ఉండేదట. వెనక సీటు వెనక, డిక్కీ మీద మూతలా పరిచి ఉండే అట్టపలకకు పెద్ద పెద్ద గుండ్రటి బొక్కలు రెండు కోయించి స్పీకర్లు పెట్టించుకున్నాడు. బండి నాకు అప్పగించేటప్పుడు స్పీకర్లు ఊడదీసుకొని వెళ్లాడు. పాటలు ఆయనకు, బొక్కలు నాకు.

అయినా ఆ కారంటే నాకు ఎంత పిచ్చో చెబితే నవ్వుతారు. పొద్దున్నే అద్దాలు పైకెత్తి, జొన్న చేల మధ్య రోడ్డు మీదికి రాగానే గొంతెత్తి పాడేదాన్ని. నాకు పాట రాదు. ఇంట్లో కూనిరాగం తీస్తేనే మా ఆయన టీవీ సౌండ్ పెంచుతాడు. కారులో ఆ బాధ లేదు. ఎవరి మోకాలూ నా మోకాలికి తగలదు, ఎవరి కోడీ నన్ను పొడవదు. ఇరవై ఏళ్ల తర్వాత నాకంటూ ఒక పూర్తి సీటు దొరికింది. రెండు కాళ్లూ లోపలే పట్టే సీటు.

తిప్పలు మెల్లగా మొదలయ్యాయి. మొదట్లో రెండు మూడు రోజులు బండి తియ్యకపోతేనే మొరాయించేది. తాళం తిప్పితే ఇంజన్ లేవకుండా టిక్కు టిక్కుమని ఊరుకునేది. బ్యాటరీ పాతదైంది కదా అని కొత్తది వేయించాం. దసరా సెలవులకు ఊరెళ్లి వచ్చి తాళం తిప్పితే ఆ కొత్తదీ టిక్కు టిక్కుమంది. అన్నిసార్లు పూర్తిగా దిగిపోయాక కొత్త బ్యాటరీకి కూడా ఓపిక తగ్గింది. చలికాలం వచ్చేసరికి రాత్రి పండుకొని పొద్దున లేస్తే చాలు, దానిలో ప్రాణం ఉండేది కాదు. ఎక్కడో ఏదో, బండి ఆపి తాళం తీశాక కూడా, కరెంటు తాగేస్తోంది. చుక్క చుక్కగా, చప్పుడు లేకుండా.

ఇక రోజూ పొద్దున తోసుడు. నేను స్టీరింగ్ ముందు రాణిలా కూర్చునేదాన్ని. వెనక మా ఆయన లుంగీ పైకి మడిచి కట్టి, "ఆ... పట్టున్రి!" అని కేకేసేవాడు. కిరాణా షాపాయన, పాలాయన, ఆ టైముకు ఎవరుంటే వాళ్లు వచ్చి పట్టేవాళ్లు. రెండో గేరు వేసి, క్లచ్ నొక్కిపెట్టి, బండి కాస్త ఊపందుకోగానే క్లచ్ వదిలితే గుడగుడమని లేచేది. నేను ఆపకుండా అలాగే వెళ్లిపోవాలి, ఆపితే మళ్లీ ఆగిపోతుందని భయం. కాబట్టి నేను మా ఆయనకు టాటా చెప్పిన పొద్దు ఒక్కటీ లేదు. అద్దంలో వెనక్కి చూస్తే పొగలో నిలబడి లుంగీ దులుపుకుంటూ కనిపించేవాడు.

ఇందులో ఆయనకు తగిలిన దెబ్బ వేరు. ఆయన పని చేసేది ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో. ఆయన చేతుల మీదుగా దాటి వెళ్లిన ట్రాక్టర్లు ఏ దేశాల్లో దున్నుతున్నాయో ఆయనకే తెలియదు. అలాంటి మనిషి తన పెళ్లాం కారును లుంగీ మడిచి తోస్తుంటే ఫ్యాక్టరీ బస్సు గల్లీ మొగదల ఆగేది. కిటికీల్లోంచి తోటివాళ్లంతా తలలు బయట పెట్టి, "అన్నా, జోర్‌సే!" అని అరిచేవాళ్లు.

బైపాస్ దగ్గర కార్ల కరెంటు పని చేసే ఒక భాయ్ ఉంటే తీసుకెళ్లాను. ఆయన బ్యాటరీ వైరు ఒకటి విప్పి, మధ్యలో చిన్న బల్బు కట్టాడు. తాళం తీసి ఉన్నా బల్బు మిణుకు మిణుకుమంటూ వెలిగింది.

"చూసిన్రా మేడం? చోర్ లోపలనే ఉన్నడు" అన్నాడు. తలుపు బార్లా తెరిచి, స్టీరింగ్ కింద తల దూర్చి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. ఒక ఫ్యూజు పీకగానే బల్బు ఆరిపోయింది. "దొర్కిండు! రూం లైటు. పైన గీ లైటే కరెంటు తాగుతున్నది" అని కారు కప్పులో ఉన్న లైటు బల్బు ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. నేను దాన్ని దొంగను పట్టుకున్నట్టు పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. ఇంతలో హైవే మీది లారీ ఒకటి వచ్చి ఆగితే ఆయన అటు వెళ్లాడు. నేను పాడుకుంటూ ఇంటికి వచ్చాను.

మర్నాడు పొద్దున టిక్కు టిక్కు.

రెండోసారి వెళ్తే, "అట్లయితే రోజు రాత్రి బ్యాటరీ వైరు ఊడదీయున్రి మేడం, పొద్దుగాల పెట్టుకోన్రి" అన్నాడు. అదీ చేశాను. బర్రెను సాయంత్రం కట్టేసి పొద్దున విప్పినట్టు కొన్నాళ్లు కారును విప్పి కట్టాను. విప్పీ కట్టీ ఆ బిగింపు వదులైపోయి, ఒక రోజు చెరుకు లారీ వెనక వెళ్తుంటే వైరు దానంతటదే ఊడి, బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనకొచ్చే షేర్ ఆటో ఆగింది. అందులో నా పాత సీటు, చివరన, ఖాళీగా ఉంది. ఆటో ఆయన పళ్లికిలించి, "రాన్రి మేడం, మీ జాగ మీకే ఉన్నది" అన్నాడు. ఆ రోజు కోపంతో నాకు అన్నం సయించలేదు.

ఇక ఇక్కడ అవ్వ గురించి చెప్పాలి.

మేం అద్దెకుండే ఇల్లు అవ్వది. కింద మేము, పైన ఆమె. బీదర్ వైపు నుంచి కోడలిగా వచ్చి, వయసు డెబ్బై దాటినా, మాటల మధ్యలో అవునన్న చోటల్లా 'హౌదు' అనే అంటుంది. కొడుకు బొంబాయి రోడ్డు మీద లారీ తోలుతాడు, నెలలో ఎప్పుడో వస్తాడు. అవ్వ చీకట్లోనే లేచి మేడ మీద చెంబు పట్టుకొని అటూ ఇటూ తిరుగుతుంది. అక్కడి నుంచి మా వాకిలి, నా కారు, గల్లీ మొత్తం ఆమెకు కనిపిస్తాయి. కాబట్టి అందరి గురించీ ఆమెకు ఒక అభిప్రాయం ఉంటుంది.

నా కారు గురించి ఉన్న మొదటి అభిప్రాయం దిష్టి. "మీ బండికి దిష్టి తాకింది. లారీల ఎన్క చూస్తలేవా, పాత చెప్పు కడ్తరు. నా తెగిన చెప్పు ఉన్నది, తీస్కపో" అంది. బడికి వెళ్లే కారుకు తెగిన చెప్పు వేలాడేసుకొని తిరగడం నా వల్ల కాదని చెప్పాను. మూతి తిప్పుకుంది.

రెండో అభిప్రాయం ఇంకా వింతది. ఒక రోజు తోసుడు మొదలయ్యే ముందు పైనుంచి వంగి అంది:

"పంతులమ్మా, నీ బండిల బ్యాటరీలు ఎలుగుతున్నయి, చూస్కుంటలేవా?"

"ఎలిగితే మంచిదే గద అవ్వా. ఎలుగకుంటనే పరేషాన్" అన్నాను.

"రెండు రెండు ఎలుగుతున్నయి."

"కారుకు ఒక్కటే ఉంటది అవ్వా."

"హౌదా? నాకు రెండు కనపడుతున్నయి మరి."

నేనూ మా ఆయనా మొహాలు చూసుకొని నవ్వు ఆపుకున్నాం. ఆమె కంటికి ఆపరేషన్ అయి ఎన్నాళ్లో కాలేదు. ఒకటి రెండుగా కనిపిస్తోందేమో అని ఆయన అన్నాడు. కాదు, కొడుకు లారీ కదా, ఆ లెక్కన చెబుతోంది అని నేనన్నాను. లారీకి నిజంగానే రెండు బ్యాటరీలు ఉంటాయని నాకు తెలుసు. అయినా ఎందుకైనా మంచిదని బైపాస్ భాయ్‌ని అడిగితే, ఆయన నన్ను జాలిగా చూసి, "లారీకి ఉంటయి మేడం. మీది లారీ కాదు" అన్నాడు. ఆ తర్వాత కూడా అవ్వ రెండు మూడుసార్లు ఎత్తింది ఆ మాట. "ఎలుగుతనే ఉన్నయి, నా మాట ఎవ్వరు ఇనరు" అని గొణిగేది. మేము 'హౌదు అవ్వా' అని తలూపేవాళ్లం.

మా ఆయన సెలవు రోజంతా కారు కింద పడుకొని వెతికాడు. హారన్ తీశాడు, పెట్టాడు. తాళాల మోటారు తీశాడు, పెట్టాడు. తీసినవన్నీ పెట్టాక చేతిలో ఒక స్క్రూ మిగిలింది. అది దేనిదో ఈ రోజుకీ తెలియదు. సాయంత్రం మోచేతులకు గ్రీజుతో లోపలికి వచ్చి, నీళ్లు తాగి, నా మొహం చూడకుండా అన్నాడు: "మా ఫ్యాక్టరీల రాయికోడ్ ఊరాయన ఒకాయన సెకండ్ హ్యాండ్ కారు కావాలంటున్నడు. ఆదివారం వచ్చి చూస్తనన్నడు. రమ్మన్న. అప్పటిలోపల దొర్కితే సరే, లేకుంటే ఇచ్చేద్దాం."

"ఇచ్చేసి?"

"ఇచ్చేసి ఏముంది. ఆటోలు లేవా?"

వంటింట్లోకి వెళ్లి చపాతీ పిండిని అవసరం కంటే గట్టిగా పిసికాను. ఆయన తప్పేం లేదు, రోజూ తోసేది ఆయన. కానీ ఆ సీటు చివర, గాలిలో కాలు గుర్తొస్తే నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్లు ఎలా కూర్చున్నానో కానీ, ఇప్పుడు ఒక్క రోజు కూర్చోమన్నా కూర్చోలేను. దొరికిన సీటు వదలడం అసలెప్పుడూ దొరకకపోవడం కంటే కష్టమని అప్పుడే తెలిసింది.

రెండో శనివారం తెల్లవారుజామున కరెంటు పోయింది. బడి లేదు కానీ నిద్ర పట్టక పెందలాడే లేచాను. పొయ్యి మీద పాలు పెట్టి లైటర్ కోసం తడుముతుంటే మొత్తం చీకటి. ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉంది. మా ఇంట్లో ఆ మధ్య చార్జింగ్ నిలిచే వస్తువు ఒక్కటీ లేదు. పైన అవ్వ చెప్పుల చప్పుడు వినిపించి, మెట్లు తడుముకుంటూ ఎక్కాను.

"అవ్వా, టార్చి లైటు ఉందా?"

"ఏంది, బ్యాటరా? నా బ్యాటరీ ఖరాబయి మస్తు రోజులాయె" అంది అవ్వ. తర్వాత కిందికి చెయ్యి చూపించి, నేనొక పిసినారినన్నట్టు అడిగింది: "నీ బండిల రెండు ఎలుగుతనే ఉన్నయి గద, అండ్లకెళ్లి ఒకటి తెచ్చుకోరాదు?"

నేను మెట్టు మీదే నిలబడిపోయాను.

బ్యాటరీ అంటే టార్చి లైటు. మా అమ్మమ్మ కూడా అలాగే అనేది. పొలానికి పోతూ 'బ్యాటరీ పట్టుకో' అనేది. ఆ మాట నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ అన్నాళ్లుగా బ్యాటరీ, బ్యాటరీ అని కలవరించీ కలవరించీ నా బుర్రలో బానెట్ కింద ఉండే ఆ నల్ల డబ్బా తప్ప ఇంకేమీ మిగల్లేదు. అవ్వ చెప్పింది నల్ల డబ్బా గురించి కాదు. కారులో రెండు లైట్లు వెలుగుతున్నాయని చెబుతోంది, పాపం, ఇన్నాళ్లుగా.

పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి వంగి చూశాను. గల్లీ మొత్తం చీకటి. వీధి లైటు కూడా లేదు. ఆ చీకట్లో, నా కారు వెనక అద్దంలోంచి, రెండు గుండ్రటి పసుపు వెలుగులు పైకి చూస్తున్నాయి. స్పీకర్ల బొక్కలు! కింద డిక్కీలో లైటు వెలుగుతోంది, దాని వెలుగు అట్టపలక బొక్కల్లోంచి ఆకాశం వైపు పోతోంది. నేల మీద నిలబడిన ఎవ్వరికీ అది కనిపించే దారే లేదు. పైనుంచి చూసే అవ్వకు తప్ప.

ఆ తర్వాత మెట్లు దిగానో దూకానో గుర్తు లేదు. "దొరికింది! దొరికింది!" అని అరుస్తూ ఇంట్లోకి దూరాను. మా ఆయన ఉలిక్కిపడి లేచి, "ఎవరు? దొంగా?" అని చీకట్లో కర్ర వెతికాడు. చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాను. ఆయన డిక్కీ తెరిచాడు. లోపల చిన్న లైటు చక్కగా వెలుగుతోంది.

"తెరిస్తే ఎలుగుతది. అది దాని డ్యూటీ" అన్నాడు ఆవలిస్తూ.

"మూస్తే?"

"మూస్తే ఆరుతది."

"ఆరిందని ఎవరు చూసిన్రు?"

ఆయన ఆవలింత సగంలో ఆగిపోయింది. నన్ను చూశాడు, డిక్కీని చూశాడు, తలెత్తి మేడ మీద అవ్వను చూశాడు. డిక్కీ మూశాడు.

"అవ్వా, ఎలుగుతుందా?"

"ఎలుగుతుంది!"

గట్టిగా కొట్టి మూశాడు. "ఇప్పుడు?"

"ఎలుగుతుంది!"

మళ్లీ తెరిచి, అంచులో తడిమాడు. డిక్కీ మూత పడినప్పుడు నొక్కుకొని లైటును ఆర్పాల్సిన చిన్న బటన్ ఒకటి అక్కడ ఉంది. మూతకు ఆ చోట ఉండాల్సిన రబ్బరు గుబ్బ ఎప్పుడో అరిగి రాలిపోయింది. మూత పడుతోంది కానీ బటన్‌కు తగలడం లేదు. ఆయన బటన్ వేలితో నొక్కాడు.

"ఆరింది!" అని పైనుంచి అవ్వ అరిచింది.

వేలు తీశాడు. "ఎలిగింది!"

నొక్కాడు. "ఆరింది!"

అవసరం తీరాక కూడా ఆయన నొక్కుతూనే ఉన్నాడు, అవ్వ అరుస్తూనే ఉంది, నేను గల్లీ మధ్యలో నిలబడి రెండు చేతులతో చప్పట్లు కొడుతున్నాను. కిరాణా షాపాయన షట్టర్ ఎత్తి, తోసుడు ఇవాళ తొందరగా మొదలైందనుకొని చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. పాలాయన వచ్చి, విషయం తెలుసుకొని, తను కూడా ఒకసారి నొక్కి చూశాడు. ఆఖరికి మా పాలకింద పొయ్యి ఎవరూ వెలిగించలేదని ఎవరికీ గుర్తు లేదు.

మా ఆయన అక్కడే కూర్చొని బైపాస్ భాయ్ ఎక్కడ పొరబడ్డాడో విడమరిచి చెప్పాడు. రూం లైటుకూ డిక్కీ లైటుకూ ఫ్యూజు ఒకటే. ఆయన తలుపు తెరిచి వెతికాడు, తలుపు తెరిస్తే రూం లైటు ఎలాగూ వెలుగుతుంది, దొంగ అదే అనుకొని దాన్ని పీకేశాడు. అసలు దొంగ వెనక మూత కింద హాయిగా దీపం పెట్టుకొని కూర్చున్నాడు.

"ఇప్పుడు గీ జాగల రబ్బరు ముక్క ఏదన్న అతికియ్యాలె. మందంగ, మెత్తగ ఉండాలె" అని అటూ ఇటూ చూశాడు.

పైనుంచి ఏదో వచ్చి నా కాళ్ల దగ్గర ధబ్బుమని పడింది. అవ్వ తెగిన చెప్పు.

"నేను మొదలే చెప్పిన్నా లేదా, బండికి చెప్పు కట్టున్రి అని!" అంది, నడుం మీద చేతులు పెట్టుకొని.

మా ఆయన ఆ నీలం హవాయి చెప్పు మడమ దగ్గర చతురస్రంగా ఒక ముక్క కోసి, జిగురు పూసి, డిక్కీ మూతకు అతికించాడు. మూశాడు. అవ్వ చాలాసేపు వంగి చూసి, "లేదు. చీకటే" అని తీర్పు ఇచ్చింది. ఆ రోజుకు అందరూ ఆఖరిసారి తోస్తే, బ్యాటరీ నిండేదాకా బండిని రోడ్ల మీద తిప్పి తెచ్చాను. ఆ మర్నాడు పొద్దున నేను భయం భయంగా తాళం తిప్పితే, బండి మొదటి దెబ్బకే గుర్రుమంది. సీట్లో కూర్చున్న చోటే ఎగిరాను, తల కప్పుకు తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది, అది ఆదివారం అని.

మా ఆయనకు మాట ఇస్తే ఇచ్చినట్టే. "రావద్దని ఎట్ల చెప్పాలె? తీరా బాగైనంక ఇస్తలేరు అనుకుంటడు" అని నేల చూపులు చూశాడు. పదిన్నరకు రాయికోడ్ ఆయన వచ్చాడు. మంచి మనిషి, వచ్చేటప్పుడు మాకు చిక్కుడుకాయలు కూడా తెచ్చాడు. నాకు ఆ చిక్కుడుకాయల మీద కూడా కోపం వచ్చింది. ఆయన కారు చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు, కూర్చొని తాళం తిప్పాడు. అన్ని నెలలు టిక్కు టిక్కుమన్న ఆ పాపిష్టిది, ఆ రోజు కొత్త పెళ్లికూతురిలా బుద్ధిగా లేచింది. ఆయన మొహం విప్పారింది. ఏసీ వేసి, "అల్లం వాసనొస్తుందే, మస్తుంది" అని కూడా అన్నాడు. బాగుచేసుకున్నది అమ్ముకోవడానికేనా అని గడపలో నిలబడి చీర కొంగు నలిపాను.

ఆయన బానెట్ ఎత్తించాడు. "బ్యాటరీ ఎట్లుందన్నా?"

"కొత్తదే" అన్నాడు మా ఆయన.

"బ్యాటరీలా?" అని మేడ మీది నుంచి అవ్వ అందుకుంది. "మొన్నటిదాంక ఎలిగినయి నాయినా. రెండు."

రాయికోడ్ ఆయన తలెత్తాడు. "ఎలిగినయా?"

"హౌదు. పొద్దుమూకితే సురువు, తెల్లారెదాంక ఎలుగుడే. నేను రోజు చూస్తుంటి. చెప్తుంటి. ఎవ్వరు ఇనకపోయిరి."

ఆయన బానెట్ మీది చెయ్యి మెల్లగా తీశాడు. "మరి... ఎట్ల ఆర్పిన్రు?"

"చెప్పుతోని."

"చెప్పుతోనా!"

"నా చెప్పుతోనే. ఇగో, మిగిలిన ముక్క" అని అవ్వ మడమ లేని నీలం చెప్పును పిట్టగోడ మీద పెట్టి చూపించింది.

ఆయన రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఫ్యాక్టరీలో మంటలు ఆర్పే ట్రైనింగ్ తీసుకున్న మనిషి. చెప్పుతో కొట్టి ఆర్పాల్సి వచ్చిన బ్యాటరీని మర్యాదగా, దూరం నుంచే చూశాడు.

మా ఆయన వివరించడానికి నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు, అంతా తేలిపోయేది. ఆ నోరు అలా తెరిచి ఉంచే నా వైపు తిరిగాడు. నేనేమీ అడగలేదు, సైగ చెయ్యలేదు. కొంగు నలుపుతూ నిలబడ్డాను, అంతే. తర్వాత నోరు మూసుకున్నాడు. మాట తప్పని మనిషి, మాట మింగాడు.

"మా ఇంటామెను అడిగి ఫోన్ చేస్తనన్నా" అన్నాడు రాయికోడ్ ఆయన. గేటు దాటబోతూ ఆగి, మనసొప్పక వెనక్కి తిరిగాడు. "చెప్పు పనికిరాదన్నా. జర ఒక బకీట్ల ఇసుక పెట్టుకోన్రి ఇంట్ల."

ఆయన బండి గల్లీ మలుపు తిరిగేదాకా ఓపిక పట్టాం. ఆ తర్వాత నేను గడపలోనే కూలబడి నవ్వాను. మా ఆయన కారుకు ఆనుకొని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అవ్వ పైనుంచి, "ఏమాయె? నేను అబద్ధం చెప్పిన్నా?" అని నిజంగానే అడుగుతోంది. "లేదు అవ్వా, ఒక్కటి గూడ లేదు" అని ఆయన పైకి చూసి దండం పెట్టాడు.

సాయంత్రం అవ్వకు కొత్త బ్యాటరీ కొనిద్దామని బయలుదేరాం. చేతిలో పట్టుకునేది. అవ్వ వెనక సీటు నిండా కాళ్లు చాపుకొని కూర్చుంది. నేను తాళం తిప్పాను, లేచింది. మా ఆయన అలవాటుగా కారు వెనక్కి నడుస్తున్నాడు, లుంగీ మడవబోతూ. నేను హారన్ కొట్టి ఎడమ తలుపు తెరిచాను.

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు తట్టింది నాకు, నేను నడుపుతుంటే ఆయన ఈ కారులో కూర్చోవడం అదే మొదటిసారి అని. తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. గల్లీ దాటి పెద్ద రోడ్డు ఎక్కాక ఆ పట్టు సడలింది. నాకు ఆగలేదు, పాట ఎత్తుకున్నాను. ఆయన సౌండ్ పెంచడానికి టీవీ లేదు.

పాట అయ్యేదాకా విని, ముందున్న రోడ్డును చూస్తూ అన్నాడు: "ఇన్ని రోజులు గీ బండిని ఎన్కకెళ్లే చూసిన. ముందలికెళ్లి మస్తున్నదే."